ఆగిన ప్రతి డ్రిల్లూ చచ్చినట్టు కాదు

"డ్రిల్లు తిరగట్లేదా? పక్కన పడేసి కొత్తది తెచ్చుకో. ఈ కాలంలో రిపేర్లు ఎవరు చేయిస్తున్నారు?" పాతబస్తీలో ఇప్పుడు ఏ ఇంట్లో అడిగినా ఇదే సలహా. శాలిబండలో పరదా రాడ్డు బిగించబోయిన కుర్రాడూ ఇదే అంటాడు, గౌలిపురాలో ట్యాంకు పైపుకు క్లాంపులు వేయబోయిన పెద్దమనిషీ ఇదే అంటాడు. బేగంబజార్‌లో కౌంటరు వెనక కూర్చున్న దుకాణదారు సంగతి చెప్పనే అక్కర్లేదు, అతని బేరమే అది. ఈ మాట ఎంతగా పాతుకుపోయిందంటే, "అసలెందుకు ఆగిందో చూశారా?" అని అడిగినవాణ్ణి పిసినారి కింద జమకడుతున్నారు.

ఆ మాటను నేను పూర్తిగా కాదంటున్నాను. అది లెక్క ప్రకారం తప్పు. భద్రత పేరు చెప్పి దాన్ని సమర్థించడం ఇంకా తప్పు. చేతిపనిని నమ్ముకుని తరాలుగా బతికిన ఈ బస్తీలో ఆ మాట చెల్లుబాటు కావడం మరీ అన్యాయం. ఇంట్లో డ్రిల్లు ఆగితే ఎందుకు ఆగిందో కనుక్కోవడం ఆ ఇంటివాళ్ళ పని. కారణం తెలిశాక మనమే బాగుచేసుకోవాలా, మిస్త్రీకి ఇవ్వాలా, ఇక వదిలేయాలా అన్నది తేల్చుకోవచ్చు. కారణం తెలియకముందే తీర్పు చెప్పేయడాన్నే నేను ఖండిస్తున్నాను.

అవతలి వాదాన్ని తక్కువ చేసి చెప్పను. వాళ్ళు నాలుగు మాటలంటారు. రిపేరు ఖర్చు కొత్తదాని ధరకు దగ్గరగా వస్తుందంటారు. కరెంటు వస్తువును ఇంట్లో విప్పడం ప్రాణాలకు ముప్పంటారు. ఇప్పటి వస్తువులు బాగుచేయడానికి తయారైనవి కావంటారు. డ్రిల్లు ముందేసుకుని కూర్చునేంత తీరిక ఎవరికుందంటారు. నాలుగూ వినడానికి సబబుగానే ఉంటాయి. కానీ నాలుగింటి కిందా ఒకే నమ్మకం ఉంది: డ్రిల్లు పని చేయలేదంటే డ్రిల్లే పాడైనట్టు. ముందు కూలాల్సింది ఆ నమ్మకమే.

డ్రిల్లు పని చేయలేదన్న ఫిర్యాదుల్లో చాలావాటికి డ్రిల్లుతో సంబంధమే ఉండదు. మొదట గోడను చూడండి. పాతబస్తీలో ఒకే గల్లీలో మూడు రకాల గోడలుంటాయి. డంగు సున్నంతో రాళ్ళు పేర్చి కట్టిన మందపాటి పాత గోడలు కొన్ని, ఇటుక సిమెంటు గోడలు కొన్ని, ఈమధ్య లేచిన అంతస్తుల కాంక్రీటు పిల్లర్లు కొన్ని. 1591 నాటి చార్మినార్ నిలబడింది నల్లరాయి, సున్నం మీదే. ఆ కట్టుబడి పద్ధతే చుట్టుపక్కల పాత ఇళ్ళలోనూ ఉంది. అలాంటి గోడలో డ్రిల్లును హ్యామర్ మీద పెట్టి నొక్కితే సున్నం పొడిపొడిగా రాలి బొక్క పెద్దదైపోతుంది, ప్లగ్గు నిలవదు. ఇంకాస్త లోపలికి వెళితే బిట్టు నల్లరాతికి తగిలి అక్కడే ఆగిపోతుంది. చేసేవాడు "డ్రిల్లులో దమ్ము లేదు" అంటాడు. లోపం దమ్ములో లేదు. సున్నపు పూతలో హ్యామర్ ఆపేసి మెల్లగా తిప్పాలి, రాయి తగిలితే రెండంగుళాలు పక్కకు జరగాలి.

కాంక్రీటు పిల్లరు దగ్గర కథ వేరు. ఇంటి వాడకానికి కొనే 500, 600 వాట్ల డ్రిల్లులో హ్యామర్ అంటే పళ్ళున్న రెండు బిళ్ళలు ఒకదానిమీద ఒకటి జారుతూ బిట్టును ముందుకూ వెనక్కూ కుదపడం. ఆ దెబ్బకు బలం మన చేతి ఒత్తిడి నుంచే రావాలి. పెద్ద పనులకు వాడే రోటరీ హ్యామర్‌లో అలా కాదు. లోపల పిస్టన్ గాలిని నొక్కి, ఆ గాలితోనే దెబ్బ కొడుతుంది. మొదటిదాన్ని పట్టుకుని పిల్లరులో లోతుగా దింపాలనుకుంటే, అందులోనూ బిట్టు లోపలి ఇనుప సలాకకు తగిలితే, ఎంత ఖరీదైన డ్రిల్లయినా ఆగుతుంది. పనికి తగని పనిముట్టు వాడి దాన్ని పాడైనదానికింద లెక్కగట్టడం న్యాయం కాదు.

తర్వాత బిట్టు. గోడ బిట్టు కొసన కార్బైడు ముక్క అతికించి ఉంటుంది, గోడను కోసేది అదే. అది మొద్దుబారినా, ఊడిపోయినా డ్రిల్లు గిరగిరా తిరుగుతుంది, గోడ మాత్రం దిగదు. ఇనుముకు వాడే హెచ్‌ఎస్‌ఎస్ బిట్టును గోడలో పెడితే కొస నీలం తిరిగి నిమిషంలో పనికిరాకుండా పోతుంది. బిట్టును వెలుతురులో పట్టుకుని చూడటానికి మల్టీమీటరు అక్కర్లేదు, కళ్ళు చాలు. దాంతోపాటు ట్రిగ్గరు దగ్గరున్న చిన్న లివరునూ చూడాలి. అది వెనక్కి తిప్పే వైపు ఉంటే బిట్టు పొగలు కక్కుతుందే తప్ప లోపలికి పోదు. రెండు కొసలకూ చేరకుండా మధ్యలో ఆగి ఉంటే చాలా యంత్రాల్లో ట్రిగ్గరు నొక్కుడే పడదు. ఇలాంటి డ్రిల్లును దుకాణానికి మోసుకెళితే, లివరు జరిపి ఇచ్చి "రిపేరు చేశాం" అని డబ్బు తీసుకునేవాళ్ళూ ఉంటారు. తెలియని మనిషి మోసపోతాడు. అందుకే తెలుసుకోమంటున్నాను.

ఆ పైన కరెంటు. అదే సాకెట్‌లో టేబుల్ ఫ్యానో, సెల్ ఛార్జరో పెట్టి చూడాలి. 500, 600 వాట్ల డ్రిల్లు రెండున్నర ఆంపియర్ల చుట్టుపక్కల లాగుతుంది, మామూలు 6 ఆంపియర్ల సాకెట్ దానికి చాలు. కానీ సన్నటి తీగతో చేసిన పొడవాటి ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడిపితే దారిలోనే వోల్టేజీ పడిపోతుంది. ఎండాకాలం సాయంత్రం గల్లీలో కూలర్లన్నీ ఒకేసారి నడుస్తుంటే 230 వోల్టులు రావలసిన చోట అంతకన్నా తక్కువే వస్తుంది. వోల్టేజీ ఎంత పడితే మోటారు బలం అంతకుమించి పడుతుంది. రాత్రి మూలిగిన డ్రిల్లు పొద్దున్నే హుషారుగా తిరిగితే, జబ్బు డ్రిల్లుకు కాదు, లైనుకు.

ఇన్ని చూశాక కూడా తిరగలేదనుకుందాం. అప్పుడు యంత్రం లోపలికి వెళ్ళాలి. అక్కడ ఉన్నది అంతుపట్టని మాయ కాదు. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఫైన్ కంపెనీ చేత్తో పట్టుకునే ఎలక్ట్రిక్ డ్రిల్లును 1895లో తయారుచేసింది. పిస్తోలు పిడి, వేలితో నొక్కే ట్రిగ్గరు ఉన్న రూపానికి అమెరికాలో బ్లాక్ అండ్ డెక్కర్ 1917లో పేటెంటు పొందింది. మన ఇళ్ళలో ఉన్న తీగ డ్రిల్లు మూలసూత్రంలో ఇప్పటికీ అదే. చుట్టూ కదలకుండా ఉండే ఫీల్డు కాయిల్, మధ్యలో తిరిగే ఆర్మేచర్, ఆర్మేచర్ కొసన రాగి పట్టీల కమ్యుటేటర్, దానికి రెండు వైపులా స్ప్రింగు ఒత్తిడితో ఆనుకుని ఉండే కార్బన్లు, ముందు గేర్లు, చివర బిట్టును పట్టే చక్. వందేళ్ళ పైబడిన ఈ ఏర్పాటులో చెడేవి ఏవో, ఏ వరసలో చెడతాయో మోటారు వైండింగ్ చేసే ప్రతి ఉస్తాద్‌కూ కంఠోపాఠం.

అందులో మొదటిది కార్బన్లు. తిరుగుతున్న ఆర్మేచర్‌కు కరెంటు అందాలంటే ఏదో ఒకటి దానిమీద రాసుకుంటూ ఉండక తప్పదు. రాగి అరగకుండా ఉండాలని, మెత్తటి కార్బన్‌ను అరగడానికే అక్కడ పెట్టారు. బ్రేకు రబ్బరు అరిగిందని ఎవరూ సైకిలును చెత్తలో వేయరు. కార్బన్లు అరగడమూ అంతే, అది యంత్రం చావు కాదు, యంత్రం తన పని తాను చేసిందనడానికి గుర్తు. లక్షణాలు స్పష్టంగా ఉంటాయి. ఒకసారి తిరిగి ఒకసారి ఆగుతుంది. పక్కన తడితే మళ్ళీ తిరుగుతుంది. బలం తగ్గుతుంది, గాలి కంతల్లోంచి మామూలు కన్నా పెద్ద నిప్పురవ్వలు కనిపిస్తాయి. కొన్ని మోడళ్ళలో పక్కనున్న బిళ్ళమూత విప్పితే కార్బన్ బయటికి వస్తుంది, మిగతావాటిలో పైడొప్ప తీయాలి. పొడవు బాగా తగ్గిపోయి ఉంటే రెండూ కలిపి మార్చాలి, ఒక్కటే మారిస్తే ఒత్తిడి సమంగా పడదు. పాతదాని కొలతకు సరిపోయేదే తేవాలి, లావుదాన్ని రాకి ఇరికిస్తే అది గూటిలో చిక్కుకుని మళ్ళీ అదే జబ్బు వస్తుంది. కమ్యుటేటర్ మీద నల్లటి మసి ఉంటే మెత్తని జీరో పేపరుతో పైపైన తుడిచి, పట్టీల మధ్య సందుల్లో దుమ్ము తీసేయాలి.

రెండోది తీగ. డ్రిల్లును తీగ పట్టి వేలాడదీసే అలవాటు మనలో చాలామందికి ఉంది. పిడిలోకి వెళ్ళే చోట ఆ తీగ లోపల్లోపల తెగుతుంది, పైన తొడుగు మాత్రం బాగానే కనిపిస్తుంది. ప్లగ్గు తీసి, మల్టీమీటరుతో ఒక కొస నుంచి ఇంకో కొస దాకా పరీక్షిస్తూ తీగను వంచి చూస్తే తెగిన చోటు దొరుకుతుంది. ఆ ముక్క కత్తిరించి మిగతా తీగను మళ్ళీ బిగిస్తే పని పూర్తి. మూడోది ట్రిగ్గర్ స్విచ్. దుమ్ము చేరితే స్పీడు నిలవదు, లేదా ఒకే స్పీడులో పరుగెత్తుతుంది. అది విడిగా దొరికే భాగం. నాలుగోది చక్. పళ్ళ మధ్య సున్నం గట్టిపడితే బిట్టు జారుతుంది. మూతి కిందికి పెట్టి తట్టి, బ్రష్షుతో తుడిచి, చుక్క నూనె వేస్తే చాలాసార్లు కదులుతుంది. చక్ మార్చాల్సి వస్తే దాని లోపల అడుగున ఒక స్క్రూ ఉంటుందని, వెనక్కి తిరిగే డ్రిల్లుల్లో అది ఎడమ మరదని, కుడివైపు తిప్పితేనే ఊడుతుందని తెలిసి ఉండాలి. ఆ ఒక్క సంగతి తెలియక స్క్రూ తల పాడుచేసుకుని, "ఇది విప్పడానికి రాదు" అని పారేసేవాళ్ళు ఎందరో.

మోటారు శబ్దం వస్తోంది, చక్ మాత్రం తిరగట్లేదంటే గేరు పళ్ళు పోయాయన్నమాట. గరగర చప్పుడు వస్తే బేరింగో, ఎండిపోయిన గ్రీజో కారణం. డ్రిల్లు త్వరగా వేడెక్కుతుంటే గాలి కంతలు దుమ్ముతో మూసుకుపోయి ఉంటాయి. పాతబస్తీ సున్నపు దుమ్ము మహా మెత్తన, లోపలికి సులువుగా చేరుతుంది. బ్రష్షుతో శుభ్రం చేయాలి, పని మధ్యలో వేడెక్కితే బిట్టును గోడలోంచి తీసి ఖాళీగా పూర్తి స్పీడులో కాసేపు తిప్పాలి. ఆర్మేచర్ ఇరుసు మీదే ఫ్యాను ఉంటుంది కాబట్టి ఆ గాలే మోటారును చల్లబరుస్తుంది. వేడెక్కిన వెంటనే ఆపి కింద పెడితే వేడి లోపలే నిలిచిపోతుంది.

చివరిది ఆర్మేచర్. కమ్యుటేటర్ చుట్టూ నిప్పు వలయంలా తిరుగుతుంటే, వార్నిష్ కాలిన వాసన వస్తే, చుట్లు నల్లబడి ఉంటే అది కాలినట్టే. అవతలివాళ్ళు చెప్పే "రిపేరు ఖర్చు కొత్తదాని ధరకు దగ్గర" అన్న మాట సరిగ్గా ఇక్కడ, ఈ ఒక్కచోట నిజమవుతుంది. చిన్న డ్రిల్లుకు ఆర్మేచర్ మార్చడం కొన్నిసార్లు గిట్టుబాటు కాదు. దీన్ని నేను దాచను. కానీ వాళ్ళు చేసింది ఏమిటో చూడండి. వరసలో అన్నిటికన్నా చివరన ఉన్న జబ్బుకు చెల్లే లెక్కను తెచ్చి, లివరు జరపాల్సిన డ్రిల్లుకూ, బిట్టు మార్చాల్సిన డ్రిల్లుకూ, కార్బన్లు అరిగిన డ్రిల్లుకూ అంటగట్టారు. కార్బన్ల జత ధర మామూలు హ్యామర్ డ్రిల్లు ధరలో చాలా చిన్న వంతు. తీగ కత్తిరించి బిగించడానికి స్క్రూడ్రైవరు తప్ప పైసా ఖర్చు లేదు. కారణం వెతక్కుండా ఖర్చు లెక్క కట్టడం కుదరదు. కాబట్టి మొదటి వాదం నిలబడదు.

రెండో వాదం ప్రమాదం గురించి. దీన్ని నేను అన్నిటికన్నా గంభీరంగా తీసుకుంటాను, ఎందుకంటే కరెంటు రెండో అవకాశం ఇవ్వదు. కానీ ఇంట్లో జరిగే ప్రమాదాన్ని నిజాయితీగా చూస్తే అది తెలిసి విప్పినవాడి దగ్గర కాదు, తెలియక వాడినవాడి దగ్గర ఉంది. తెగిన తీగకు టేపు చుట్టి నడిపేవాడు, తడితేనే తిరిగే డ్రిల్లును తట్టి తట్టి వాడేవాడు, చెయ్యి చిమచిమలాడినా "కొంచెం కొడుతుందంతే" అని పని కానిచ్చేవాడు, వీళ్ళంతా డ్రిల్లు లోపల ఏముందో ఎన్నడూ చూడనివాళ్ళే. విప్పొద్దని భయపెట్టడం వల్ల వీళ్ళలో ఒక్కరు కూడా కాపాడబడలేదు.

కాపాడేవి నియమాలు. గోడకున్న స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్గు చేత్తో తీసి కళ్ళెదుట పెట్టుకోవాలి. పాత ఇళ్ళ వైరింగులో స్విచ్‌ను ఫేజుకు బదులు న్యూట్రల్‌కు వేసి ఉండటం కద్దు. అక్కడ స్విచ్ ఆపినా డ్రిల్లు లోపల కరెంటు ఉంటుంది. పిడి మీదున్న లాక్ బటన్ నొక్కి ఉండిపోయిందేమో చూడాలి, లేకపోతే ప్లగ్గు పెట్టగానే డ్రిల్లు దానంతటది తిరగడం మొదలెడుతుంది. ఒంటిమీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటే ఆ డ్రిల్లు రెండు పొరల ఇన్సులేషన్ నమ్ముకుని ఎర్తు తీగ లేకుండా తయారైందని అర్థం. లోపల తీసిన ప్రతి ప్లాస్టిక్ గొట్టమూ, ప్రతి తొడుగూ మళ్ళీ అదే చోటికి చేరాలి. డొప్ప ఎత్తకముందే ఫోనుతో ఫొటో తీసుకుంటే తీగల దారి మరిచిపోం. ఇంటి మెయిన్‌లో, కరెంటు లీకైతే సరఫరా తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండటం డ్రిల్లుకే కాదు, ఇంటిల్లిపాదికీ రక్ష. షాకు తగిలిన డ్రిల్లు, వైండింగ్ కాలిన డ్రిల్లు నేరుగా మిస్త్రీ దగ్గరికి వెళ్ళాలి. బ్యాటరీ డ్రిల్లులోని లిథియం అయాన్ ప్యాకును ఇంట్లో ఎట్టి పరిస్థితుల్లోనూ కోయకూడదు. వారంటీలో ఉన్నదాన్ని విప్పకుండా సర్వీస్ సెంటర్‌కే ఇవ్వాలి. ఎక్కడ ఆగాలో తెలియడం కూడా కారణం వెతికే విద్యలో భాగమే. ఆ హద్దులు నేర్పకుండా మొత్తం విద్యనే నిషేధించడం భద్రత కాదు, బాధ్యత నుంచి తప్పుకోవడం.

ఇప్పటి వస్తువులు బాగుచేయడానికి పుట్టలేదన్నది మూడో వాదం. ఇందులో కొంత నిజముంది, ఆ నిజం ఎవరి తప్పో సరిగ్గా చెప్పుకోవాలి. పేరున్న కంపెనీలు తమ డ్రిల్లుల విడిభాగాల బొమ్మలను నంబర్లతో సహా ప్రచురిస్తాయి. కార్బన్, స్విచ్, గేరు, ఆర్మేచర్ అన్నిటికీ విడివిడి నంబర్లుంటాయి. బాగుచేయడానికి పుట్టని యంత్రానికి ఎవరూ అలాంటి జాబితా తయారుచేయరు. ఏ పేరూ లేకుండా, ఏ భాగమూ దొరక్కుండా చవగ్గా వచ్చే సరుకు సంగతి వేరు. దానికి మందు పారేయడం కాదు, కొనేటప్పుడే అడగడం. డ్రిల్లు కొంటున్నప్పుడే "దీని కార్బన్ జత ఇవ్వండి" అనండి. దుకాణంలో లేదంటే, ఎక్కడ దొరుకుతుందో చెప్పలేకపోతే, ఆ డ్రిల్లు కొనకండి. కొనేవాళ్ళలో సగం మంది ఈ ఒక్క ప్రశ్న అడగడం మొదలుపెడితే బేగంబజార్, ట్రూప్ బజార్ అల్మరాల్లో ఏ సరుకు నిలవాలో మారిపోతుంది.

పారేసిన డ్రిల్లు నిజంగా చచ్చిందా అన్న సందేహం ఉన్నవాళ్ళు పురానాపూల్ వైపు జుమ్మేరాత్ బజార్‌కు వెళ్ళి చూడాలి. ఎవరో వదిలేసిన పనిముట్లు అక్కడ నేలమీద పరిచి ఉంటాయి, కొనేవాళ్ళు వాటిని ఏరుకుని తీసుకెళ్ళి మళ్ళీ పనిలో పెట్టుకుంటారు. ఒకరు చచ్చిందని తేల్చినదాంతో ఇంకొకరు కూలి సంపాదించుకుంటున్నారు. తేడా వస్తువులో లేదు, దాన్ని చూసే చూపులో ఉంది. ఆ చూపు మొదటి యజమానికి ఎందుకు లేకుండా పోయింది?

తీరిక లేదన్న నాలుగో వాదం పైకి బలంగా కనిపిస్తుంది. కానీ కొత్త డ్రిల్లుకూ సమయం ఖర్చవుతుంది. మదీనా చౌరస్తా దాటి, అఫ్జల్‌గంజ్ ట్రాఫిక్‌లో నిలబడి, బేరమాడి తిరిగి రావడానికి పట్టే సమయంలో ప్లగ్గు, బోర్డు, లివరు, బిట్టు, తీగ, కార్బన్లు అన్నీ వరసగా చూసేయొచ్చు. పైగా ఆ వరస ఒకసారి చేతికి వస్తే మిక్సీకీ అదే పనికొస్తుంది, కుట్టుమిషన్ మోటారుకూ అదే పనికొస్తుంది. వాటిలోనూ తిరిగేది కార్బన్ల మోటారే. దుకాణానికి వెళ్ళొచ్చిన సమయం అంతటితో అయిపోతుంది. నేర్చుకున్న సమయం ఇంట్లో మిగులుతుంది.

ఈ విద్య లేకపోవడం ఎంత నష్టమో 2020 అక్టోబరులో ఈ బస్తీ చూసింది. అప్పటి వానలకు పల్లె చెరువు, బాలాపూర్ గుర్రం చెరువు తెగి, ఫలక్‌నుమా వైపు అల్ జుబైల్ కాలనీలోకి, హఫీజ్‌బాబానగర్‌లోకి నీళ్ళు ఇళ్ళ నిండా చేరాయి. మోటార్లు, మిక్సీలు, కుట్టుమిషన్లు, పనిముట్లు అన్నీ బురదలో మునిగాయి. నీళ్ళు తగిలిన మోటారు ఆ తడికే చావదు. తడి ఆరకముందే "పనిచేస్తుందేమో" అని ప్లగ్గు పెట్టినప్పుడు వైండింగ్ కాలుతుంది. విప్పి, మంచినీళ్ళతో బురద కడిగి, రోజుల తరబడి ఆరబెట్టి, వైండింగ్ దుకాణంలో మెగ్గరుతో ఇన్సులేషన్ పరీక్ష చేయించి, బేరింగులకు కొత్త గ్రీజు పెడితే చాలావరకు దక్కుతాయి. ఇల్లు మునిగిన కుటుంబానికి ఒక కుట్టుమిషన్ మోటారు దక్కడమంటే నెల కూలి దక్కడం. "పారేసి కొత్తది కొనుక్కో" అన్న సలహా అలాంటి ఇంటి ముందు నిలబడి చెప్పగలరా? డబ్బున్నవాళ్ళు డబ్బున్నవాళ్ళకు చెప్పుకునే మాటను బస్తీ మొత్తానికి సూత్రంగా మార్చారు. నాకున్న అసలు కోపం దానిమీదే.

పారేసిన వస్తువు ఎక్కడికి పోతుందన్నదీ ఆలోచించాలి. ప్రపంచం మొత్తం మీద 2022లో 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు పోగయ్యాయని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెప్పింది. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కతేలింది 22.3 శాతమే. మిగతాదాంట్లో ఎంతో భాగం తుక్కు గోదాముల్లో చేతులతో విడగొట్టబడుతుంది. తీగ తొడుగు కాల్చి రాగి తీసే చోట ఆ పొగ పీల్చేది కొత్త డ్రిల్లు కొన్నవాళ్ళు కాదు.

మన చట్టం ఈ విషయంలో కదిలింది కానీ వెనక కొస నుంచి మొదలుపెట్టింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు డ్రిల్లుల వంటి ఎలక్ట్రికల్ పనిముట్లను కూడా జాబితాలో చేర్చి, వాటి రీసైక్లింగ్ బాధ్యతను తయారీదారు మీద పెట్టాయి. మంచిదే. కానీ అది వస్తువు చెత్తగా మారాక మొదలయ్యే బాధ్యత. చెత్త కాకుండా ఆపే బాధ్యత దానికన్నా ముందుండాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్ళు ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు అని నాలుగు రంగాలను ఎంచుకుంది. చేతి పనిముట్లకు అక్కడ విడిగా చోటు లేదు. కార్పెంటరు, ప్లంబరు, ఎలక్ట్రీషియను రోజూ పొట్టపోసుకునేది వాటితోనే అయినప్పుడు ఐదో రంగంగా వాటిని చేర్చాలి. ప్రతి మోడలుకూ కార్బన్, స్విచ్, గేరు ఎన్నేళ్ళు దొరుకుతాయో పెట్టె మీదే అచ్చు వేయాలి. విడిభాగాల బొమ్మ తెలుగులోనూ, ఉర్దూలోనూ పెట్టెలో ఉండాలి.

ఊరి స్థాయిలో చేయగలిగిందీ ఉంది. నగర యువతకు ఉపాధి శిక్షణ ఇవ్వడానికి 1978లో పుట్టిన సెట్విన్ పురానీ హవేలీలోనే ఉంది. అక్కడ ఇంటి పనిముట్ల జబ్బులు కనుక్కోవడం మీద చిన్న కోర్సు పెట్టాలి, ఉద్యోగం కోసం వచ్చేవాళ్ళకే కాదు, ఇంట్లో కుట్టుమిషన్, మిక్సీ, డ్రిల్లు ఉన్న ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ తలుపులు తెరవాలి. పాఠం చెప్పడానికి మనుషులను ఎక్కడినుంచో తేనక్కర్లేదు. ఉస్తాద్ పక్కన శాగిర్ద్‌గా కూర్చుని పని నేర్చి, చెవి ఆనించి విని బేరింగు జబ్బు చెప్పగల వైండింగ్ మిస్త్రీలు ఈ గల్లీల్లోనే ఉన్నారు. వాళ్ళ చేతుల్లో సర్టిఫికెట్లు లేవు, విద్య ఉంది. పారేసే అలవాటు ఇలాగే పెరిగితే ఆ దుకాణాల షట్టర్లు ఒక్కొక్కటే దిగిపోతాయి. అప్పుడు నిజంగానే రిపేరు దొరకదు, ఈ రోజు అబద్ధంగా చెబుతున్న మాట రేపు నిజమై కూర్చుంటుంది. అలా నిజమయ్యేది ఎవరో శాసించడం వల్ల కాదు, మనం వెతకడం మానేసినందువల్ల.

ఇంట్లో ఎవరికి వాళ్ళు పాటించగల నియమం మాత్రం ఈ రోజు నుంచే మొదలవ్వాలి. డ్రిల్లు ఆగితే ముందు ప్లగ్గు తీయండి. గోడ, బిట్టు, లివరు, బోర్డు, తీగ, కార్బన్లు, ఈ వరస తప్పకండి. మీ చేతిలో తేలితే బాగుచేసుకోండి. తేలకపోతే ఇంతవరకు ఏం చూశారో మిస్త్రీకి చెప్పండి, అతని సమయమూ మీ డబ్బూ మిగులుతాయి. ఆర్మేచర్ కాలిందని రుజువైతే, ఖర్చు గిట్టదని లెక్క తేలితే, అప్పుడు వదిలేయండి, నేను అడ్డు చెప్పను. పారేయమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం ఒక్కటే అడగండి: "ఏం పోయింది?" దానికి జవాబు చెప్పలేనివాడికి ఆ సలహా ఇచ్చే అర్హత లేదు.